కూర్చుని చూసిన రోజులు

మా ఆఫీసు అలమరాలో ఫైళ్ళు కట్టే ఎర్ర టేపు ఇంకా చుట్టలు చుట్టలుగా పడి ఉంది. నేను మాత్రం పురికొసతోనే కడతాను. ఒక కొస పట్టుకుని లాగితే మొత్తం ఊడి వచ్చే ముడి, కిరాణా కొట్లో పొట్లాలకి వేసే ముడి. కొత్తగా చేరినవాళ్ళు అది చూసి మూతులు తిప్పుకుని నవ్వుకుంటారు. నవ్వనీండి. ఆ ముడి నాకు నేర్పింది సత్యనారాయణమ్మ గారు. నా సర్వీసు ఉన్నన్నాళ్ళూ అదే వేస్తాను.

ఆవిడది జగ్గయ్యపేట. నాన్నగారు కనకయ్య గారికి అక్కడ కిరాణా కొట్టుండేది, తర్వాత ఆవిడ తమ్ముడు చూసుకుంటున్నాడు. ఆవిడ పనిచేసింది నందిగామలో, మా యూనివర్సిటీ లైబ్రరీలకీ మ్యూజియానికీ సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసులో. టైపిస్టుగా చేరి, ఆ ఆఫీసుకే పెద్దగా రిటైరయ్యారు. ఎవర్ని ఏ సీట్లో వెయ్యాలి, ఎవరికి బదిలీ, ఎవరికి ప్రమోషన్, ఎవరికీ ఎవరికీ పడటం లేదు, అన్నీ ఆవిడ బల్ల మీదికే వచ్చేవి. రోజూ పొద్దున్నే జగ్గయ్యపేటలో పల్లెవెలుగు ఎక్కేవారు. చిల్లకల్లు దగ్గర బస్సు హైవే ఎక్కేసరికి ఆవిడ టిఫిన్ కూడా అయిపోయేది. ముప్పై ఏడేళ్ళలో కండక్టర్లు మారారు గానీ ఎడమవైపు రెండో సీటు మారలేదు.

ఒకసారి పైనుంచి ఉత్తర్వు వచ్చి, మా గుమ్మం మీదున్న 'సిబ్బంది విభాగం' బోర్డు పీకేసి 'మానవ వనరుల విభాగం' అని కొత్తది కొట్టారు. ఆవిడ కింద నిలబడి దాన్ని చాలాసేపు చూశారు.

"వనరులంటే ఏంటయ్యా నరేంద్రా? ముక్త్యాలలో సున్నపురాయి లాగానా? తవ్వి లారీకెత్తి ఫ్యాక్టరీకి తోలడానికి?" అన్నారు.

నేను పకపకా నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆవిడకి మనుషుల విషయంలో వేళాకోళం పట్టేది కాదు.

నేను ఆవిడ దగ్గర జూనియర్ అసిస్టెంటుగా చేరింది 2009లో. మొదటి రోజు ఓ కుర్చీ చూపించి కూర్చోమన్నారు. కూర్చుని పెన్ను తీశాను. "పెన్నెందుకు? ఊరికే చూడు" అన్నారు. ఒక్క రోజు కాదు, మూడు రోజులు! డిగ్రీ ఫస్టు క్లాసులో పాసై, పరీక్ష రాసి ఉద్యోగం కొట్టి వచ్చిన నన్ను గోడ మీద బల్లిలా కూర్చోబెట్టారని ఒళ్ళు మండిపోయింది. మూడోరోజు సాయంత్రం ఉండబట్టలేక అడిగేశాను.

"మేడం, నాకు పనివ్వటం ఇష్టం లేదాండీ?"

"ఇదే పని" అన్నారావిడ, ఫైలుకి పురికొస చుడుతూ. "మా నాన్న కొట్లో కొత్త గుమాస్తా చేరితే మూడు రోజులు తక్కెడ ముట్టనిచ్చేవాడు కాదు. గడప పక్కన పీటేసి కూర్చోమనేవాడు. ఎవరొస్తున్నారు, ఏం అడుగుతున్నారు, ఏం అడగలేక నుంచున్నారు, ఇవి చూడమనేవాడు. చెయ్యటం నేర్పితే వస్తుందిరా, చూడటం నేర్పితే రాదు అనేవాడు. సరే, నువ్వేం చూశావు?"

నా అదృష్టం, ఒకటి చూశాను. "అందరూ మంచినీళ్ళ కుండ దగ్గరికి రోజుకి రెండుసార్లు వస్తే, లైబ్రరీ కౌంటరు బెన్ని పదిసార్లు వస్తున్నాడండి."

ఆవిడ మొహం వెలిగిపోయింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి బెన్ని పక్కన కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నారు.

అది ఆవిడ పద్ధతి. ఎవరినైనా కదపాలన్నా, ఎవరి మీదైనా చర్య తీసుకోవాలన్నా ముందు ఒక రోజంతా వాళ్ళ పక్కన కూర్చోవాల్సిందే. ఫిర్యాదు ఎంత గట్టిదైనా సరే, రిజిస్ట్రారు ఎంత తొందరపెట్టినా సరే. స్టాఫంతా దాన్ని పెళ్ళిచూపులనేవాళ్ళు. "ఇవాళ మేడం పెళ్ళిచూపులకొస్తున్నారంట, ఇస్త్రీ చొక్కా వేసుకురా" అని ఏడిపించుకునేవాళ్ళు. సాయంత్రం ఆవిడ తమ్ముడి కొట్లోంచి తెచ్చుకున్న పొడుగు నోట్‌పుస్తకం తీసి, తేదీ వేసి, చూసింది చూసినట్టు రాసుకునేవారు. అభిప్రాయం ఒక్క ముక్క ఉండేది కాదు.

బెన్ని పిల్లల మీద విసుక్కుంటాడని అప్పటికి నాలుగు ఫిర్యాదులున్నాయి. సస్పెన్షన్ ఫైలు తయారుగా ఉంది. ఆవిడ ఆ రోజు చూసిందేమిటంటే, గుంపు చేరితే బెన్నికి చెమటలు పడుతున్నాయి, కుండ దగ్గరికి పారిపోతున్నాడు. ఖాళీ దొరికితే మాత్రం చిరిగిన పేజీలకి ఎవరూ చెప్పకుండానే మైదాజిగురు పెట్టి అతికిస్తున్నాడు. వారం తిరక్కుండా అతన్ని కౌంటరు నుంచి బైండింగు గదికి మార్చారు. ఆ తర్వాత అతని మీద ఒక్క ఫిర్యాదు వస్తే ఒట్టు. ఇవాళ్టికీ మా లైబ్రరీలో పుస్తకం వెన్ను విరిగితే బెన్ని గదికి పోవాల్సిందే.

ఇంత తెలిసినావిడ కూడా ఒక తప్పు చేశారు. మంచికే చేశారు. అదే చివరికి ఆవిడ మెడకి చుట్టుకుంది. ఆ సంగతి చెప్పాలంటే వీరరాఘవయ్య గురించి చెప్పాలి.

వీరరాఘవయ్యది చిల్లకల్లు దగ్గర సేద్యం చేసుకునే ఇల్లు. 1998లో పొలం మెరక తీస్తుంటే తామరపువ్వు చెక్కిన రాయొకటి బయటపడింది. దాన్ని ట్రాక్టరు ట్రక్కులో వరిగడ్డి మీద పడుకోబెట్టి, కుదుపులకి పగలకుండా తను కూడా పక్కనే కూర్చుని, మా మ్యూజియానికి తెచ్చిచ్చాడు. ఇచ్చినవాడు ఇంటికి పోయి ఊరుకోవాలా? ప్రతి శుక్రవారం బస్సెక్కి వచ్చేవాడు. "నా రాయి ఎట్టా ఉందండీ?" అని అడిగేవాడు. కూతుర్ని అత్తారింటికి పంపినవాడు కూడా అన్నిసార్లు వెళ్ళి చూసిరాడు. వచ్చి తన రాయి తుడిచి, పక్క రాళ్ళు కూడా తుడిచేవాడు. ఏ రాయి ఏ ఊరి నుంచి వచ్చిందో అడిగి తెలుసుకుని, వచ్చిన బడిపిల్లలకి తనే చెప్పేవాడు.

అప్పటికి సత్యనారాయణమ్మ గారు సెక్షన్లో సీనియర్ అసిస్టెంటు. నాలుగు శుక్రవారాలు అతన్ని కూర్చుని చూశారు. మ్యూజియానికి ఇంతకంటే మనిషి దొరకడనుకున్నారు. కానీ మ్యూజియంలో పోస్టు లేదు. ఖాళీగా ఉన్నదల్లా టెంపరరీ తోటమాలి పోస్టొక్కటే.

"ముందు తోటమాలిగా చేరు వీరరాఘవయ్యా. పని మ్యూజియంలోనే చెయ్యి. ఏడాదిలో పోస్టు మార్పిస్తా" అన్నారు.

ఆ ఏడాది ఇరవై అయిదేళ్ళయింది. మ్యూజియానికి పోస్టివ్వమని ఆవిడ మూడుసార్లు పైకి రాశారు, మూడుసార్లూ వీలుకాదన్నారు. ఇక్కడో చిక్కుంది. టెంపరరీ వాళ్ళని కొనసాగించాలంటే నెలనెలా ఎవరో ఒకరు పని సర్టిఫికెట్ ఇవ్వాలి. నిజం రాస్తే తోటపని చెయ్యనివాడు తోటమాలెందుకని ఆ పూటే తీసేస్తారు. అందుకని ఆవిడ ప్రతి నెలా ఒకే వాక్యం రాసి సంతకం పెట్టేవారు: 'పాదులు తవ్వుట, నీరు పెట్టుట, గడ్డి కోయుట తృప్తికరంగా నిర్వర్తించినాడు.' మ్యూజియం ముందు ఎన్నేళ్ళు చూసినా పల్లేరుకాయలే. వీరరాఘవయ్య ఒక్క మొక్క పాతిన పాపాన పోలేదు.

మేమందరం దాన్ని నవ్వులాట కింద తీసుకున్నాం. నేను చేరాక ఆ సర్టిఫికెట్లు టైపు చేసింది నేనే. ఒకసారి ఆవిడతో అన్నాను కూడా, "మేడం, ఈ నెల గులాబీలు బాగా పూశాయని రాయమంటారా?" అని. ఆవిడ మొహం ముడుచుకుంది. "వెటకారమొద్దు. అది నాకు రోజూ గుచ్చుకుంటానే ఉంది" అన్నారు.

2023 ఆగస్టులో ఉత్తర్వొచ్చింది. తోటపని మొత్తం ఏజెన్సీకి ఇచ్చేస్తున్నారు, టెంపరరీ తోటమాలుల్ని తీసేస్తున్నారు. అదే ఉత్తర్వు రెండో పేజీలో, మ్యూజియానికి పర్మనెంటు అటెండెంటు పోస్టొకటి మంజూరయింది. మ్యూజియం పనిలో పదేళ్ళ అనుభవం రికార్డుగా ఉన్నవాళ్ళు అర్హులు. ఆవిడ పాతికేళ్ళు ఎదురుచూసిన కాగితం అది. తీరా వచ్చేసరికి రికార్డులో వీరరాఘవయ్య పచ్చి తోటమాలి. యాభై రెండేళ్ళ వయసులో ఉద్యోగం ఊడి, ఎకరం పొలం మీదికి పోవాలి.

మ్యూజియం ఇన్‌ఛార్జి ప్రొఫెసర్లు తొమ్మిదిమంది మారారు. ఒక్కరూ ఒక్క ముక్క రాసిపెట్టలేదు. ఇప్పుడు రాయించిన ఉత్తరాలు చెల్లవు, ఏ రోజు పని ఆ రోజే రాసిన కాగితం ఉంటేనే చూస్తామని ఆ పోస్టు నింపే కమిటీ తేల్చి చెప్పింది. మూడోరోజు సత్యనారాయణమ్మ గారు జగ్గయ్యపేట నుంచి బస్సులో ఒక గోనెసంచి తెచ్చుకున్నారు. అందులో ఆవిడ నోట్‌పుస్తకాలన్నీ ఉన్నాయి.

పాతికేళ్ళలో వీరరాఘవయ్య పక్కన ఆవిడ నాలుగేళ్ళకోసారి చొప్పున ఆరుసార్లు కూర్చున్నారు. ఒక పేజీ తీసి నాకు చూపించారు. '14-7-2004, బుధవారం. తొమ్మిదికి తలుపులు తీశాడు. మెత్తటి బ్రష్షుతో నలభై ఆరు రాళ్ళ దుమ్ము దులిపాడు. తాటాకు కట్టల పెట్టెలో చెదలు చూసి, మొత్తం బయటపెట్టి, ఆకు ఆకూ తుడిచాడు. మధ్యాహ్నం బడిపిల్లలకి రాళ్ళ గురించి చెప్పాడు. అన్నం మూడున్నరకి తిన్నాడు.'

నాకు ప్రాణం లేచివచ్చింది. "దొరికింది కదండీ మేడం! ఇవి చాలు."

ఆవిడ ఇంకో కాగితం తీసి దాని పక్కన పెట్టారు. 2004 జూలై నెల పని సర్టిఫికెట్. పాదులు తవ్వుట, నీరు పెట్టుట, గడ్డి కోయుట. కింద సంతకం, రెండింటిదీ ఒకే చేతిరాత.

ఆ నోట్‌పుస్తకం కమిటీకిస్తే వీరరాఘవయ్య గట్టెక్కుతాడు. ఆవిడ మాత్రం పాతికేళ్ళు దొంగ సర్టిఫికెట్లిచ్చినట్టు తన చేత్తోనే ఒప్పుకున్నట్టవుతుంది. రిటైర్మెంటు తొమ్మిది నెలల్లో ఉంది. చార్జిమెమో ఒక్కటొస్తే పింఛను ఆగిపోతుంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఆవిడ ఫైలు మీద మచ్చ లేదు.

నేను నిజం చెప్పాలి. ఆ రోజు నేను పుస్తకాలు దాచేద్దామన్నాను. "మీరు మీ కోసం చేసుకుంది కాదు కదండీ. అతనికేదో దారి చూద్దాం, ఏజెన్సీ వాళ్ళతో మాట్లాడదాం" అన్నాను. ఆవిడ మీద ప్రేమతోనే అన్నాను. అయినా ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"ఏజెన్సీ వాళ్ళు తోటపనికి తీసుకుంటారు నరేంద్రా" అన్నారావిడ నెమ్మదిగా. "వాడికి తోటపని రాదు."

ఇద్దరం మెయిన్ క్యాంపస్‌కి వెళ్ళాం. రిజిస్ట్రారు వరప్రసాదరావు గారు చెడ్డవారేం కాదు. రెండు కాగితాలూ పక్కపక్కన చదివారు. కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నారు.

"మేడం, ఇది తీసుకుంటే మీ మీద ఎంక్వైరీ వెయ్యక తప్పదండి. రిటైరయ్యే ముందు ఎందుకొచ్చిన గొడవ? పట్టుకెళ్ళిపోండి. నేను చూడలేదనుకుంటా."

"చూడండి సార్" అన్నారావిడ. "ఇన్నేళ్ళూ ఆ మనిషిని కాగితం మీద ఎవరూ చూడకుండా చేసింది నేనే. ఇప్పుడన్నా చూడండి."

పుస్తకాలు అక్కడ పెట్టి, రసీదు తీసుకుని బయటికొచ్చారు. బస్సులో కూర్చున్నాక చెగోడీల పొట్లం విప్పి నా చేతిలో పెట్టారు. "ఒక బరువు దిగిందయ్యా. ఇంకొకటి ఎక్కుద్ది, ఎక్కనీ" అన్నారు.

మార్చిలో వీరరాఘవయ్యకి అటెండెంటుగా పర్మనెంటు ఆర్డరొచ్చింది. ఏప్రిల్లో ఆవిడకి చార్జిమెమో వచ్చింది. ఎవరికీ చెప్పొద్దన్నారు, ముఖ్యంగా వీరరాఘవయ్యకి. "వాడి సంతోషం వాణ్ణి పడనీ" అన్నారు.

మే నెలాఖరున ఆవిడ రిటైరయ్యారు. ఎంక్వైరీ నడుస్తున్నవాళ్ళకి వీడ్కోలు సభ పెట్టకూడదన్నారు పైవాళ్ళు. సభ లేదు, శాలువా లేదు, గ్రూపు ఫొటో లేదు. పాతికమంది అటెండర్లకి, బైండర్లకి దగ్గరుండి సన్మానాలు చేయించిన మనిషి, తన స్టీలు క్యారేజీ తనే సంచిలో సర్దుకున్నారు. బెన్ని మాత్రం ఖాళీ నోట్‌పుస్తకం ఒకటి కాలికో గుడ్డతో బైండు చేసి తెచ్చిచ్చి వెళ్ళిపోయాడు. నేనే ఉండబట్టలేక ముందురోజు వీరరాఘవయ్యకి అసలు సంగతి చెప్పేశాను. తప్పో ఒప్పో నాకు తెలీదు.

సాయంత్రం బస్సుకి బయలుదేరబోతుంటే వీరరాఘవయ్య వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. చేతులకి మోచేతుల దాకా మట్టి.

"ఒక్కసారి మ్యూజియం దాకా రండమ్మా" అన్నాడు.

వెళ్ళాం. మెట్ల పక్కన పల్లేరు మొత్తం పీకేసి ఉంది. మధ్యలో గుండ్రంగా పాదు, అందులో మోకాలెత్తు నందివర్ధనం మొక్క. చిల్లకల్లు హైవే పక్క నర్సరీలో కొన్నాడట. నీళ్ళు ఇంకా ఇంకలేదు.

"నన్నడక్కుండా ఎట్టా ఇచ్చారమ్మా ఆ పుస్తకాలు?" అన్నాడు కోపంగా. మళ్ళీ వెంటనే తగ్గాడు. "ఇరవై అయిదేళ్ళు తోటమాలినని రాసి సంతకం పెట్టారు. నేనొక్క మొక్కన్నా వెయ్యలా. మీ మాట అబద్ధమయిందని మిమ్మల్ని నిలబెట్టి అడుగుతున్నారంట. అందుకని వేశానండి. ఇహనించి రోజూ పాదు తవ్వుతా, రోజూ నీళ్ళు పెడతా. రేపెవరన్నా వచ్చి చూసినా మీరు రాసింది నిజమేనని కనపడాలి."

ఇక దేనికీ పనికిరాని సాక్ష్యం అది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. సత్యనారాయణమ్మ గారు మెట్టు మీద కూర్చుండిపోయారు. పదిహేనేళ్ళలో ఆవిడ ఏడవటం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ రోజు ఏడుగంటల బస్సు కూడా తప్పిపోయింది.

పింఛను పద్నాలుగు నెలల తర్వాత వచ్చింది, సర్వీసు రిజిస్టర్లో ఒక అభిశంసనతో పాటు. ఆ వాక్యం రిజిస్టర్లో ఎక్కించాల్సింది నేనే, ఎందుకంటే ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. ఎక్కించాను.

పోయిన వారం వీరరాఘవయ్య పక్కన కూర్చునే రోజు పెట్టుకున్నాను. ఏం కారణం లేదు. ఆ పద్ధతి ఆవిడతోనే ఆగిపోకూడదని, అంతే. ఆదివారం నేను రాసిన నోట్‌పుస్తకం పట్టుకుని జగ్గయ్యపేట వెళ్ళాను. ఆవిడ తమ్ముడి కొట్లో గడప పక్కన పీట మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని చూస్తున్నారు. పుస్తకం అందుకుని, కళ్ళజోడు సవరించుకుని మొదటి వాక్యం పైకి చదివారు.

"ఎనిమిదింబావుకి వచ్చాడు. మ్యూజియం తలుపులు తీయకముందు నందివర్ధనానికి నీళ్ళు పెట్టాడు."

కాసేపు ఆ పేజీ మీదే వేలు ఉంచారు.

"పాదు తవ్వాడా?" అన్నారు.

"తవ్వాడండి."

"మరి అది రాయలేదేం?" అని తమ్ముడి గల్లాపెట్టె మీంచి పెన్ను తీసి నాకిచ్చారు. "చూసింది చూసినట్టు రాయాలయ్యా."

అక్కడే, ఆవిడ ఎదురుగా, గడప మీద కూర్చుని రాశాను.